చారుగిన్నెలో తొలి వసంతం: వేపపువ్వు చారు చేదెక్కకుండా ఉండాలంటే?

రాచిప్ప (రాజమహేంద్రవరం) · ఫిబ్రవరి 22, 2026

అందరికీ నమస్కారం. ఫాల్గుణం వచ్చి ఇంకా వారమైనా కాలేదు. తెల్లవారుజామున దుప్పటి వదలబుద్ధి కానంత చలిగా ఉంటోంది, పది గంటలయ్యేసరికి పెరట్లో చెప్పులు లేకుండా నిలబడలేకపోతున్నాము. ఈ రెండింటి మధ్య నలిగి ఇంట్లో ఒకరి తరువాత ఒకరు జలుబు పట్టి కూర్చోవడంతో, పది రోజులుగా మా పొయ్యి మీద మిరియాల చారు తప్ప మరొకటి కాగలేదు. నిన్న సాయంత్రం కరివేపాకు కోసం పెరట్లోకి వెళ్లి తలెత్తి చూస్తే, వేపచెట్టు సగం ఆకు రాల్చి, కొమ్మల చివర రాగిరంగు చిగురు తొడిగింది. ఆ చిగురు మొదళ్లలో ఆవగింజలంతేసి మొగ్గలు గుత్తులుగా కనిపించాయి. గిన్నెలో చారు ఇంకా శిశిరంలోనే ఉంది, చెట్టు మాత్రం ఋతువు దాటిపోయింది.

ఆ ఉత్సాహంలో, నిరుడు ఎండబెట్టి డబ్బాలో దాచిన వేపపువ్వు గుప్పెడు తీసి రాత్రి చారు పెట్టాను. చింతపండు రసం మరుగుతుండగా పువ్వు అందులో వేసి పది నిమిషాలు కాగనిచ్చాను. ఒక్క ముద్ద కలుపుకున్న తరువాత మావారు ఏమీ అనకుండా మజ్జిగ గిన్నె దగ్గరికి జరుపుకున్నారు. మా అమ్మమ్మ పెట్టే వేపపువ్వు చారులో చేదు నాలుక చివర తగిలీ తగలనట్టు ఉండి, మింగాక గొంతులో తియ్యగా తోచేది. నేను పెట్టినది కషాయం.

నేను చేసిన తప్పేమిటో చెప్పగలరా? దానితో పాటు మరొక మాట కూడా అడుగుతున్నాను: మీ ఊళ్లో వసంతం వస్తోందని మీ చారుకు ఎప్పుడు, ఏ రూపంలో తెలుస్తుంది?

---

తోటగట్టు (నూజివీడు దగ్గర) · ఫిబ్రవరి 22

రాచిప్ప గారూ, వేపపువ్వు సంగతి తెలిసినవారు చెబుతారు, నేను మామిడి గురించి చెబుతాను. మాకు వసంతం పూతతో రాదు. పూత పుష్యమాసంలోనే మొదలవుతుంది, అప్పటికి మంచు, తేనెమంచు పురుగు, బూడిద తెగులు అనే భయాలే తప్ప ఋతువు మీద ధ్యాస ఉండదు. ఒక్కో పూగుత్తిలో వందల పూలున్నా, వాటిలో కాయగా మారగలిగినవి కొన్నే, చివరికి చెట్టున నిలిచేది ఒకటో రెండో. మిగిలినదంతా రాలిపోవడానికే పూస్తుంది. ఫిబ్రవరి చివర్లో మధ్యాహ్నపు గాలి తిరిగి, చెట్టు కింద ఎండుటాకుల మీద పిందెలు టపటపమని రాలుతున్న చప్పుడు మొదలైనప్పుడు మాకు శిశిరం అయిపోయినట్టు.

ఆ రాలిన పిందెలతో మా ఇంట్లో చారు పెడతారు. బఠాణీ గింజంత పిందెలో పులుపు ఉండదు, వగరే ఉంటుంది, అది చారును పాడుచేస్తుంది. ఉసిరికాయను దాటి నిమ్మకాయ పరిమాణానికి వచ్చి, లోపల టెంక ఇంకా కట్టని పిందె కావాలి. తొడిమ తుంచి, సొన పోయేదాకా నీళ్లలో ఉంచి, నాలుగు పిందెలను మెత్తగా ఉడికించి, చేత్తో పిసికి వడకడితే వచ్చే నీరు లేతాకుపచ్చగా ఉంటుంది. దానికి కందిపప్పు కట్టు, పచ్చిమిర్చి, ఇంగువ పోపు చాలు. మిరియం, ధనియాలపొడి వేస్తే పిందె వాసన చచ్చిపోతుంది. చింతపండు ఈ గిన్నె దరిదాపులకు రాకూడదు.

ఒక హెచ్చరిక. తోటల్లో పూత మీద, పిందె మీద మందులు కొడతారు కాబట్టి, ఎవరి తోటలోనో రాలినవి ఏరుకొచ్చి వండవద్దు. పెరటి చెట్టువైతేనే వాడండి.

---

సందేహాలపుట్ట · ఫిబ్రవరి 23

చలికాలంలో హోటళ్లలో సూప్ అంటూ మొక్కజొన్న పిండి కలిపిన చిక్కటి ద్రవాన్ని గిన్నెడు ఇస్తారు, మనం చెంచాతో తాగుతాము. చారును అన్నంలో కలుపుకుంటాము. ఈ రెండూ ఒకటేనని ఈ మధ్య కొందరు అంటున్నారు. సభ్యుల అభిప్రాయం ఏమిటి?

---

తిథివారం (తెనాలి) · ఫిబ్రవరి 23

ఇంగ్లీషువారి వంట పుస్తకాల్లో ముళ్లిగటానీ అనే సూప్ ఒకటి ఉంది. ఆ పేరు తమిళంలోని మిళగు తణ్ణీర్ నుంచి, అంటే మిరియాల నీళ్ల నుంచి వచ్చింది. మన పక్కింటివారి మిరియాల చారును చూసి, దానిలో మాంసమూ పిండీ కలిపి దొరలు సూప్ చేసుకున్నారు. కాబట్టి చారు సూప్ అవునా కాదా అని మనం తల పట్టుకోనక్కరలేదు. జ్వరం వచ్చినప్పుడు గ్లాసులో పోసుకుని తాగిన చారు ఏమిటో ఎవరినీ అడగవలసిన పని లేదు కదా.

---

పాలమూరు చింత (మహబూబ్‌నగర్ జిల్లా) · ఫిబ్రవరి 23

మా వైపు చెట్లను చూసి ఋతువును పోల్చుకోవడం తేలిక. మాఘం చివర్లో మోదుగుచెట్టు ఆకులన్నీ రాల్చేసి, మోడుగా నిలబడి, ఆ మోడు మీదే నిప్పురవ్వల్లాంటి పూలు పూస్తుంది. చిన్నప్పుడు హోలీకి ఆ పూలనే నీళ్లలో కాచి రంగు తీసేవాళ్లం, బట్టల మీద పడిన పసుపు నారింజ మరక ఉగాది దాకా వదిలేది కాదు. అయితే మీరు అడిగినది చారుకు ఎప్పుడు తెలుస్తుందని. మా చారుకు కొత్త చింతపండుతో తెలుస్తుంది.

ఈ నెలలోనే చింతకాయ దులుపుతారు. ఎక్కినవాళ్లు కొమ్మలు ఊపుతుంటే, కింద పరచిన పట్టల మీద కాయలు వానలా రాలతాయి. వాటిని ఎండబెట్టి, పైపెంకు కొట్టి, ఈనెలు లాగి, గింజ తీయడం ఆడవాళ్ల పని. మా అవ్వ, చిన్నమ్మలు, ఇరుగుపొరుగువారు మధ్యాహ్నం అరుగు మీద వరుసగా కూర్చుని కొట్టేవారు. సాయంత్రానికి వేళ్లు పులుపుకు పగిలి మండేవి, రాత్రి ఆముదం రాసుకుని పడుకునేవారు. ఇంటికి కావలసినంత ఉప్పు కలిపి జాడీకి ఎత్తి, మిగిలినది అమ్మేవారు. పాత పండు నల్లగా, మొండి పులుపుగా ఉంటుంది. కొత్తది ఎర్రమట్టి రంగులో, పులుపు వెనక కొద్దిగా తీపితో ఉంటుంది. ఆ పండు వచ్చిన వారంలో మా ఇంట్లో పొయ్యి మీద చారే పెట్టరు, పచ్చిపులుసు చేస్తారు. కొత్త పండును చల్లటి నీళ్లలో పిసికి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, నిప్పుల మీద కాల్చి నలిపిన మిరపకాయలు, వేయించి దంచిన నువ్వుల పొడి, ఉప్పు, కొత్తిమీర కలిపి, చివర పోపు వేస్తే అయిపోతుంది. చలికాలం పొడుగునా వేడి చారుకు అలవాటుపడిన నాలుకకు, ఆ మొదటి చల్లటి పులుపు తగిలినప్పుడు చెవుల వెనక జివ్వుమంటుంది.

ఇక వేపపువ్వు. మీరు పువ్వును పులుసులో ఉడికించారు, అదే తప్పు. ఉడికితే చేదంతా నీళ్లలోకి దిగుతుంది. పువ్వును విడిగా నెయ్యిలో, సన్నటి సెగ మీద, కాఫీగింజ రంగు వచ్చేదాకా వేయించి, చారు దించిన తరువాత పైన వేసి మూత పెట్టాలి. అన్నంలో కలిపినప్పుడు పువ్వు పంటి కింద కరకరలాడాలి.

---

రాచిప్ప · ఫిబ్రవరి 24

పాలమూరు చింత గారూ, ధన్యవాదాలు. అమ్మమ్మ చారులో నల్లగా తేలుతూ ఉండేవి మాడిన ఆవాలనుకునేదాన్ని. అది వేయించిన పువ్వేనని మీ మాటతో ఈ రోజు అర్థమైంది. గుప్పెడు వేయడం కూడా ఎక్కువే అయి ఉంటుంది.

కొందరు నా పేరు గురించి విడిగా అడిగారు. అమ్మమ్మ చారు పెట్టే రాతి గిన్నె నా దగ్గరికి వచ్చింది. దించిన తరువాత కూడా అయిదారు నిమిషాలు చారు దానిలో తనంతట తాను కుతకుతమంటూ ఉంటుంది. అందుకే ఆవిడ పొంగు రాకముందే దించేసేవారు. రాతిగిన్నెను ఒక్కసారిగా పెద్దమంట మీద పెట్టకూడదనీ, కొత్తదైతే కొన్నాళ్లు వేడి గంజి పోసి ఉంచి, ఆముదం పట్టించి పదును చేసుకోవాలనీ తెలియక, సంక్రాంతికి నేను సరదాపడి కొన్న రెండో రాచిప్ప మొదటి రోజే అడుగు చిట్లి, చారంతా గ్యాసు పొయ్యి మీద పోయింది. పాతది మాత్రం చెక్కుచెదరలేదు.

---

మంచులో మిరియం (మిషిగన్, అమెరికా) · ఫిబ్రవరి 25

ఈ చర్చను కిటికీ అవతల మోకాలి లోతు మంచును చూస్తూ చదివాను. ఇక్కడ మాకు మోదుగూ లేదు, పిందె చప్పుడూ లేదు. మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుకోవడమే ప్రభుత్వం వారు ప్రకటించే వసంతం. దానికి కొంచెం అటూ ఇటూగా, రాత్రి నీరు గడ్డకట్టి పగలు కరిగే రోజులు మొదలవగానే మేపుల్ చెట్లకు గాటు పెట్టి రసం పడతారు. సుమారు నలభై లీటర్ల రసాన్ని మరిగిస్తే ఒక లీటరు పాకం వస్తుంది. మన పప్పుకట్టును ఎంత మరిగించినా ఇంత ఓపిక అక్కరలేదు.

మా ఇంట్లో మాత్రం వసంతం కరివేపాకు కుండీలో కనిపిస్తుంది. అక్టోబరులో ఆ మొక్కను ఇంట్లోకి తెచ్చి దక్షిణపు కిటికీ దగ్గర పెడతాము. నవంబరు, డిసెంబరు నెలల్లో అది ఒక్కో ఆకూ రాల్చుకుని, జనవరికి నాలుగు పుల్లలు నిలబెట్టినట్టు మిగులుతుంది. ఆ మూడు నెలలూ మా చారులో దుకాణంలో కొన్న, సంచిలోనే నల్లబడిన ఆకులే దిక్కు. ఫిబ్రవరి నెలాఖరుకు పగలు పొడుగై కిటికీలో ఎండ ఎక్కువసేపు నిలుస్తుంది కదా, నిన్న పొద్దున పుల్ల కణుపు దగ్గర అరబియ్యపు గింజంత పచ్చటి ముక్కు కనిపించింది. బయట సున్నాకు దిగువన తొమ్మిది డిగ్రీలు. మా ఆవిడ దాన్ని చూసి, టమాటా చారు దించి, మూత పెట్టి, మొక్క దగ్గరికి వెళ్లి, కాసేపు నిలబడి, ఏమీ కోయకుండా తిరిగి వచ్చేసింది.

వేపపువ్వు గురించి ఒక సందేహం. అత్తగారు మూడేళ్ల క్రితం పంపిన పొట్లం ఒకటి ఫ్రీజరులో ఉంది. పనికొస్తుందా?

---

పాలమూరు చింత · ఫిబ్రవరి 25

తేమ తగలకుండా, పురుగు పట్టకుండా ఉంటే పనికొస్తుంది. చేతిలో నలిపి వాసన చూడండి. పొడిగా పెళుసుగా ఉండి కొంచెం తేనెవాసన వస్తే వాడవచ్చు, ముక్కవాసన వస్తే పారేయండి.

---

ఓళిగలిల్లు (అనంతపురం) · ఫిబ్రవరి 26

మా సీమలో చారును సారు అంటాము. ఉగాది సారు పండుగ వంటల్లో మిగిలే నీటితో పుడుతుందని ఇక్కడ ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. ఓళిగలకు శనగపప్పు ఉడికిస్తాము కదా, మీరు బొబ్బట్లు అంటారు, తెలంగాణలో భక్షాలు అంటారు, ఆ పప్పును వార్చిన నీటిని పారబోయకూడదు. కొందరు సగం పప్పులో బెల్లం వేసి పూర్ణం రుబ్బిన తరువాత, రోటికి అంటినది కూడా ఆ నీటితోనే కడిగి గిన్నెలోకి తీస్తారు. ఆ కట్టులో చింతపండు రసం, సారుపొడి, ఎండుకొబ్బరి, కొంచెం గసగసాలు నూరి వేసి, బాగా మరిగించి, వెల్లుల్లి పోపు పెడతాము. పూర్ణంలోని బెల్లం కొంత దిగి ఉంటుంది గనుక ఉగాది పచ్చడిలో ఉన్న పులుపూ తీపీ కారమూ దీనిలో మళ్లీ ఎదురవుతాయి. మా పక్క కన్నడంవారు ఒబ్బట్టు సారు అనీ, మహారాష్ట్రవారు కటాచీ ఆమటీ అనీ ఇదే పద్ధతిలో చేస్తారు.

ఈ సారు పండుగనాటి కంటే మర్నాడు బాగుంటుంది. చద్దన్నంలో అడుగున పేరుకున్న చిక్కటి భాగం కలుపుకుని తిన్నవారికి నేను చెప్పవలసిన పని లేదు.

---

సందేహాలపుట్ట · ఫిబ్రవరి 26

ఇంకొక సందేహం. వేపపువ్వు ఉగాదికి పూయాలి కదా. మా కాలనీలో చెట్లకు కొన్నేళ్లు హోలీకే పువ్వు రాలుతుంది, కొన్నేళ్లు ఉగాదికి పువ్వు కోసం వీధులన్నీ తిరగవలసి వస్తుంది. వాతావరణం మారిపోయిందని మా నాన్నగారు అంటారు.

---

తిథివారం · ఫిబ్రవరి 27

వాతావరణం మారడం మాట అలా ఉంచి, ముందు పంచాంగం చూడండి. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. ఈ ఏడు మార్చి 19నే వస్తోంది. మన చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే కాబట్టి పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది, అధికమాసం వచ్చినప్పుడు మళ్లీ వెనక్కి వెళుతుంది. ఈ సంవత్సరం అధిక జ్యేష్ఠం ఉంది గనుక వచ్చే ఉగాది ఏప్రిల్ 7కు పోతుంది. వేపచెట్టుకు తిథులతో నిమిత్తం లేదు. అది ఎండను చూసి పూస్తుంది. పండుగ ఏప్రిల్‌లో వచ్చిన ఏడు చెట్టు నిండా పువ్వుంటుంది, మార్చి నడుమ వచ్చిన ఏడు మొగ్గలే ఎక్కువగా దొరుకుతాయి. పంచాంగం చంద్రుడిది, చెట్టు సూర్యుడిది. రెండింటికీ పొంతన కుదిరిన ఏడు పచ్చడి బాగుంటుందని మా తాతగారు అనేవారు.

కాబట్టి రాచిప్ప గారు నిరుటి పువ్వు దాచుకోవడం మంచి పనే. పండుగ ముందే వచ్చే ఏడు అదే ఆదుకుంటుంది.

---

పాలమూరు చింత · ఫిబ్రవరి 27

తిథివారం గారి లెక్కకు ఒక చేర్పు. 2021లో తెలంగాణలో చాలా జిల్లాల్లో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండిపోతూ వచ్చాయి. అది శిలీంధ్రం వల్ల వచ్చే తెగులని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పారు. వేపకు పువ్వు వచ్చేది లేత కొమ్మల చివరనే. మా ఇంటి ముందున్న చెట్టు ఆ తరువాతి వసంతంలో ఒక్క పూగుత్తి కూడా వేయలేదు, అది చచ్చిందనుకుని గొడ్డలి తెచ్చినవారిని మా అవ్వ వెనక్కి పంపింది. వానలు పడ్డాక మొదట్లోంచి మళ్లీ చిగిర్చింది, ఇప్పుడు బాగానే పూస్తోంది. ఉగాదికి పువ్వు దొరకకపోవడానికి పంచాంగం ఒక్కటే కారణం కాదని చెప్పడానికే ఇదంతా.

పువ్వు పట్టే పద్ధతి కూడా చెబుతాను. కొమ్మలు విరవవద్దు. సాయంత్రం చెట్టు కింద ఊడ్చి, పాత చీర పరచి వదిలేయండి. తెల్లవారేసరికి రాలిన పువ్వు దాని మీద ఉంటుంది. చాటలో వేసి చెరిగితే పుల్లలు, ఎండుటాకు పోతాయి. నీడన మూడు నాలుగు రోజులు ఆరనిస్తే చాలు, ఎండలో పెడితే వాసన పోతుంది. రోడ్డు పక్కన దుమ్ము పట్టే చెట్టు పువ్వు వద్దు.

---

తోటగట్టు · మార్చి 4

మొన్న రాత్రి గాలికి మా పెరట్లో రెండు దోసిళ్ల పిందెలు రాలాయి. ఈ ఏడు మొదటి పిందె చారు నిన్న పెట్టారు. పులుపు ఇంకా చాలలేదని మా అమ్మ అందరి కళ్లూ గప్పి అర చెంచా చింతపండు పులుసు కలిపింది. చింతపండు దరిదాపులకు రాకూడదని ఇక్కడ నేను గట్టిగా రాసిన సంగతి ఆవిడకు తెలియదు, చెప్పలేదు కూడా. చారు బాగుంది.

---

రాచిప్ప · మార్చి 21

చాలా రోజుల తరువాత వస్తున్నాను. తిథివారం గారు చెప్పినట్టే ఉగాదికి మా చెట్టున విచ్చిన పువ్వు గుప్పెడే దొరికింది, అది పచ్చడికి సరిపోయింది. చారుకు నిరుటి పువ్వే వాడాను. ఎలా చేశానో రాస్తున్నాను.

నిమ్మకాయంత కొత్త చింతపండును రెండు గ్లాసుల నీళ్లలో పిసికి, పసుపు, ఉప్పు, కరివేపాకు, చిన్న బెల్లం ముక్క వేసి అమ్మమ్మ రాచిప్పలో సన్నటి సెగ మీద పెట్టాను. పచ్చివాసన పోయిన తరువాత అర గ్లాసు కందికట్టు పోసి, చెంచాడు చారుపొడి వేసి, అంచుల వెంట నురగ ముత్యాల్లా లేవగానే దించాను. విడిగా రెండు చెంచాల నెయ్యిలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ వేగాక వాటిని చారులో వేసి, అదే మూకుట్లో మిగిలిన నెయ్యిలో రెండు చెంచాల వేపపువ్వు వేశాను. మొదట పచ్చిగడ్డి కాలినట్టు ఘాటుగా వాసన వచ్చింది, ఆ తరువాత నిమిషంలోపే వేయించిన కాఫీగింజల వాసనగా మారింది. అప్పుడు తీసి చారు మీద చల్లి మూత పెట్టాను. రాచిప్ప లోపల ఇంకా కుతకుతమంటూనే ఉంది.

మావారు రెండోసారి వడ్డించుకుని, గిన్నె అడుగున మిగిలిన పువ్వు కూడా గరిటెతో తీసుకున్నారు. ఈసారి మజ్జిగ వంక చూడలేదు. వేసవిలోపల ఓళిగలిల్లు గారి సారు కూడా చేసి చూస్తాను. పండుగనాడు ఆ శనగపప్పు నీళ్లు అలవాటు కొద్దీ మా పనమ్మాయి మొక్కలకు పోసేసింది.

---

ఓళిగలిల్లు · మార్చి 21

మొక్కలు అదృష్టవంతులు.

---

మంచులో మిరియం · మార్చి 23

ఫ్రీజరులోని మూడేళ్ల పువ్వు నలిపి చూశాను, తేనెవాసన ఇంకా ఉంది. పండుగ మామూలు పనిరోజున పడడంతో, మొన్న ఆదివారం నలుగురు స్నేహితులను పిలిచి చారు పెట్టాము. బయట మంచు కరిగిన చోట బురద, ఆ బురదలో పక్కింటివారి క్రోకస్ పూలు ఊదారంగులో నాలుగు విచ్చుకున్నాయి. కరివేపాకు మొక్క ఇప్పటికి మూడు రెమ్మలు వేసింది. మా ఆవిడ వాటిలో ఒక రెమ్మ చివరి నుంచి రెండే ఆకులు తుంచి పోపులో వేసింది. అవి ఎవరి విస్తట్లో పడ్డాయో తెలియలేదు, ఆ సంగతి మీద భోజనం అయిన తరువాత కూడా చాలాసేపు వాదులాడుకున్నాము.